చూరులో పెట్టి వచ్చిన బల్బులు

కరెంటాఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. మా వీధిలోనే ఇద్దరున్నారు. డిపార్టుమెంటు పరీక్షలకి ఏ పుస్తకం చదవాలి, ఏ డివిజన్లో పని తక్కువ అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పని తక్కువున్న చోటు నాకెప్పుడూ దొరకలేదు. నా ప్రమోషన్లు సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అవి చదివి ఎవరూ బాగుపడరు.

నాకు చెప్పాలనిపించేది నేను చేసిన ఒక తప్పు గురించి. షాకు కొట్టి మనుషులు పోయిన సంగతులు చాలామంది చెబుతారు. ఇందులో అలాంటిదేమీ లేదు, రెండు బల్బులున్నాయి. అయినా నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇదే.

సాలూరులో నేర్చుకున్నది

సాలూరులో సబ్ ఇంజినీరుగా చేరినప్పుడు నాకు పని నేర్పింది సన్యాసిరావు గారని ఒక లైన్ ఇన్‌స్పెక్టరు. హోదాలో నాకంటే చిన్నవాడు, వయసులో మా నాన్నంతటి వాడు. నన్ను ఒరే అనే పిలిచేవాడు. నాకు కోపం వచ్చేది, కానీ పైకి అనే ధైర్యం ఉండేది కాదు.

ఆ ఊళ్లో లారీలకి బాడీలు కట్టే షెడ్లు ఎన్నో. ఒక షెడ్డులో వాడకం ఉన్నట్టుండి పడిపోయింది. మీటరు తిప్పేశాడని ఆఫీసులో కుర్చీలో కూర్చునే తేల్చేసి దొంగతనం నోటీసు తయారుచేశాను. ఇంగ్లీషులో బాగా వచ్చిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. సన్యాసిరావు గారు దాన్ని జేబులో పెట్టుకుని నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని ఆ షెడ్డుకి తీసుకెళ్లారు. షెడ్డు మూసి ఉంది. యజమాని లోపల మంచం మీద, కాలికి కట్టుతో ఉన్నాడు. లారీ చక్రం కింద కాలు పడి రెండు నెలలైంది. వెల్డింగు మిషనే ముట్టుకోలేదు.

“ఏరా, రాసేముందు ఈయన్ని అడిగినావా?”

“లేదండి.”

“మరెందుకు రాసినావు? అడగడానికి నీకేటి ఖర్చవుతాది?”

నోటీసు నా చేతే చింపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు తలుపు కొట్టకుండా, మనిషిని అడగకుండా ఒక్క కాగితం రాయలేదు. అది గొప్పగా చెప్పుకునేవాణ్ణి. గొప్పగా చెప్పుకునే సంగతే మనం ముందు మరిచిపోతాం కాబోలు.

బల్బుల నెల

అప్పటికి నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న ఒక సెక్షనుకి ఏఈని. ఊరి పేరు ఎందుకులెండి. ఇళ్లల్లో పాత బల్బులు తీయించి ఎల్ఈడీలు పెట్టించాలని పథకం వచ్చింది. కావాలన్న ఇంటికి రెండు బల్బులు. ఖరీదు ఒకేసారి కట్టక్కర్లేదు, నెలకి పది రూపాయల చొప్పున కరెంటు బిల్లులోనే కలుస్తుంది. ఇంటివాళ్లు ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం నా సమక్షంలో జరిగిందని కింద నేను సంతకం పెట్టాలి.

ముందే ఒప్పుకుంటాను, బల్బు మంచిది. వెలుగు ఎక్కువ, బిల్లు తక్కువ. మా ఇంట్లో ఆ రోజుల్లో పెట్టినవి చాలా ఏళ్లు వెలిగాయి. ఎవరినైనా కూర్చోబెట్టి చెబితే వద్దనేవాళ్లు తక్కువ.

చెప్పడానికే మాకు తీరిక లేకపోయింది. మా డివిజనుకి పెద్దయిన డీఈ గారు మంచివాడే. గాలివానకి స్తంభాలు పడిపోతే మాతోపాటు రోడ్డు మీదే పులిహోర పొట్లం విప్పుకు తిన్న మనిషి. కానీ వీడియో కాన్ఫరెన్సులో తన డివిజను పేరు వెనకబడిందని ఎర్రరంగులో కనబడితే మాత్రం ఆయనకి అన్నం సహించేది కాదు. “కావాలన్న ఇంటికి” అన్న ముక్క పైనుంచి కిందికి వచ్చేలోపు ఎక్కడో జారిపోయింది. మా దాకా వచ్చేసరికి అది “ప్రతి ఇంటికి, నెలాఖరు లోపల” అయిపోయింది.

నా సెక్షనులో ఒక పెద్ద మత్స్యకారుల ఊరుంది. అక్కడ పగటిపూట ఇళ్లకి తాళాలే. మగవాళ్లు వేటలో ఉంటారు. ఆడవాళ్లు చేపల తట్టలతో ఆటోలెక్కి ఊళ్లు తిరుగుతారు, కొందరు ఆమదాలవలస దాకా వెళ్తారు. మా లైన్‌మన్ తవుడు రెండు రోజులు తిరిగి తిరిగి సగం పెట్టెలు వెనక్కి తెచ్చాడు.

“ఇళ్లకాడ ఎవలూ నేరు బాబూ. ఏటి సెయ్యమంటారు?”

నా చేతిలో అప్పటికే ఆ పూట మూడో ఫోను. విసుక్కుంటూ అన్నాను. “ఎవరూ లేకపోతే చూరులో పెట్టి వచ్చెయ్యరా. సంతకాల సంగతి తర్వాత చూద్దాం.”

తర్వాత అన్నది రెండు రోజులకే వచ్చింది. తవుడు ఫారాలన్నీ నింపి తెచ్చాడు. కొన్నింటి మీద సంతకాలు, మిగతావాటి మీద వేలిముద్రలు. అన్ని వేలిముద్రలూ ఒకే లావుగా, ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. నాకు కనబడలేదని చెబితే అబద్ధం. కనబడింది. ‘నా సమక్షంలో’ అన్న మాట కింద సంతకాలు పెట్టుకుంటూ పోయాను. పది రూపాయలే కదా, మంచి వస్తువే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మా డివిజను రంగు మారింది. డీఈ గారు ఫోనులో శభాష్ అన్నారు.

నూకమ్మ

మరుసటి నెల బిల్లు పట్టుకుని ఒకావిడ నా గదికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పేరు నూకమ్మ. భర్త పోయాక చేపలమ్మి ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిందని తర్వాత తెలిసింది. రెండు బల్బుల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అంటించిన కాగితం కూడా ఊడలేదు.

“ఇదేటి బాబూ?”

“ఎల్ఈడీ బల్బులమ్మా. కరెంటు తక్కువ తింటాయి.”

“తిననీ, మాననీ. నా సూరులోకెలాగొచ్చినాయి?”

“మావాళ్లు పెట్టారు. నెలకి పదే పది రూపాయలు.”

“పదా, పదేలా అని కాదు బాబూ. నాను సెయ్యెయ్యనేదు.”

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని కూడా అనిపించలేదు. బయట రైతులు ట్రాన్స్‌ఫార్మరు గురించి గోల చేస్తున్నారు. “తీసుకెళ్లి వాడుకో తల్లీ, నీకే లాభం” అని నవ్వి పంపేశాను. ఆవిడ పెట్టె నా బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది. తవుడు దాన్ని మళ్లీ పట్టుకెళ్లి ఆవిడ చూరులోనే పెట్టి వచ్చాడు.

చెయ్యెయ్యడం అంటే ఏమిటో ఆ ఊరి ఒడ్డున ఒక పూట నిలబడితే తెలిసేది. పడవలు వచ్చాక చేపల్ని ఇసుకలో కుప్పలు పోస్తారు. ఎరకయ్య అనే పెద్దాయన వేలం పాట పెడతాడు. పాట ఎంత దాకా పాడినా ఫరవాలేదు, ఇష్టం లేకపోతే వెనక్కి తగ్గవచ్చు. కానీ కుప్ప మీద అరచెయ్యి వేశారా, సరుకు వాళ్లదైపోయినట్టే. అడుగున కుళ్లిన చేప ఉన్నా సరే మాట తిరగదు. డబ్బు అప్పుడే ఇవ్వక్కర్లేదు. అమ్ముకుని మర్నాడు తెచ్చి ఇస్తారు. కాగితం లేదు, సాక్షి లేడు. పెట్టుబడి లేని ఆడవాళ్లు అక్కడ వ్యాపారం చేసేది ఆ నమ్మకం మీదే. చెయ్యి వెయ్యని సరుకు తన నెత్తిన పెట్టిన మనిషిని నూకమ్మ జీవితంలో మొదటిసారి మా ఆఫీసులోనే చూసింది.

ఆ నెల నుంచి ఆవిడ కౌంటరులో పది రూపాయలు తగ్గించి కట్టేది. వాడిన కరెంటుకి పైసాతో సహా ఇచ్చేది. కౌంటరు అమ్మాయి తీసుకునేది. కంప్యూటరు ఆ పదిని బాకీ అని రాసుకుని, దాని మీద అపరాధ రుసుము వేసి, ఆ తర్వాతి నెల మళ్లీ కలిపేది.

కొన్ని నెలలకి బాకీ ఎంత చిన్నదైనా వదలొద్దని ఆర్డరు వచ్చింది. ఫీజులు పీకి కరెంటు ఆపాల్సిన ఇళ్ల జాబితా కంప్యూటరు తీసి ఇచ్చింది. ఏడు పేజీలు. నేను చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాను. నూకమ్మ పేరు నాలుగో పేజీలో ఉంది.

తవుడు చెప్పిన సంగతి

ఫీజు పీకడం మాకు రోజువారీ పని. స్తంభం ఎక్కుతాం, పీకుతాం, తలుపుకి కాగితం అంటిస్తాం. ఆ ఊళ్లో దాని అర్థం వేరే. తవుడు ఆ తలుపుకి కాగితం అంటించినప్పుడు వీధి వీధంతా చూసింది.

నెల రోజుల తర్వాత తవుడు నా గది తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు.

“మా ఆడది నూకమ్మకాడే సేపలు కొంటాది బాబూ. ఇప్పుడా మనిసి రావడం మానేసినాది.”

“ఒంట్లో బాగాలేదా?”

“ఒంటికేటి బాబూ, బాగానే ఉన్నాది. ఎరకయ్య పాటలో సెయ్యెయ్యనివ్వడం నేదు. గవర్మెంటోడికే బాకీ పడి కరెంటు పీకించుకున్న మనిసికి మాట మీద సరుకెలాగిస్తామన్నాడు. ఇప్పుడు ఆలవీ ఈలవీ ఎండుసేపలు తిరగేసి కూలి తెచ్చుకుంటన్నాది.”

చేతిలో పెన్ను కింద పెట్టాను. వాడే మళ్లీ అన్నాడు.

“ఆ బాకీ నాను కట్టేత్తానని ఎల్లినాను బాబూ. తిట్టి పంపేసినాది. నువ్వు కడితే నాను బాకీ ఉన్నట్టే కదరా అన్నాది.” తలుపు వదిలేసి, “ఆ ఫారం మీద ఏలిముద్ర నాది బాబూ. అన్నీ నాయే” అన్నాడు.

“నాకు తెలుసురా” అన్నాను.

తెలుసని పైకి అనడం అదే మొదటిసారి. వాడు ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది, కానీ నేను ఆఫీసరు కుర్చీలో ఉన్నాను కాబట్టి కిటికీ వైపు తిరిగాను. అలాంటి చోట కిటికీ వైపు తిరగడం తప్పని ఇప్పుడనిపిస్తుంది. ఇద్దరం చేసిన పనికి వాడొక్కడే ఏడవడమేమిటి?

ఆ రోజే ఫీజు వేయించాను. కరెంటు వచ్చింది. అంతమాత్రాన ఏమీ మారలేదు. బాకీ కట్టేసింది కాబోలని ఊరు అనుకుంది. అంటే బాకీ ఉండేదనే కదా.

డీఈ గారి సలహా

డివిజను ఆఫీసుకి వెళ్లి డీఈ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

“ఎంతయ్యా మొత్తం?”

“అపరాధంతో కలిపి వందలోపే సార్.”

“జేబులోంచి కట్టేసి ఊరుకో. ఆ సంతకాలు అబద్ధమని నువ్వు కాగితం మీద పెడితే ఆ ఊరి జాబితా అంతా తవ్వుతారు. తర్వాత నీ సెక్షను, ఆ తర్వాత నా డివిజను. రిటైర్మెంటుకి ఎన్నేళ్లుంది నీకు?”

“నాలుగు సార్.”

“మరి? పిల్లాడి చదువు కూడా అవ్వలేదన్నావు.”

బెదిరించడానికి అన్నది కాదు. నా మేలు కోరే అన్నారు. అందుకే ఆ మాట కాదనడం కష్టమైంది. బెదిరించే పై అధికారిని ఎదిరించడం తేలిక, పిల్లల్లారా. మన మంచి కోరి తప్పు చెయ్యమనేవాడి దగ్గరే లొంగిపోతాం.

ఇంటికి వచ్చి రెండు రోజులు నానబెట్టాను. మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఒకటే అంది. “మీ సంతకం మీది కాదని ఎవరైనా అంటే మీరూరుకుంటారా? ఆవిడ వెయ్యని ముద్ర ఆవిడదని మీరెలా అన్నారు?” మూడోనాడు ఉత్తరం రాశాను. ఆ ఊరి ఫారాల మీద సంతకాలు నా సమక్షంలో జరగలేదు, సిబ్బంది నా మాట మీదే అలా చేశారు, బాధ్యత నాది, అడగని ఇళ్ల బిల్లుల్లోంచి ఆ మొత్తం తీసెయ్యాలి అని. తవుడి పేరు రాయలేదు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. డీఈ గారు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఊరి బిల్లుల్లోంచి మాత్రం ఆ పది రూపాయలు పోయాయి.

ఒడ్డున

బిల్లు మారినంత మాత్రాన పోయిన పేరు తిరిగి రాదు. అది పోయింది ఒడ్డున, పదిమందిలో. కాబట్టి చెప్పాల్సింది కూడా అక్కడే. ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని, తవుణ్ణి వెంటబెట్టుకుని ఒక ఉదయం పాట జరిగే వేళకి వెళ్లాను. ఫ్యాంటు మడతపెట్టి ఇసుకలో నడిచి వెళ్తుంటే ఆడవాళ్లు నవ్వారు. నూకమ్మ దూరంగా టార్పాలిన్ పరచి నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి మళ్లీ పనిలో పడింది.

ఎరకయ్యని ఒక్క నిమిషం ఆగమన్నాను. ఉపన్యాసాలు నాకు రావు.

“నూకమ్మ మాకు బాకీ లేదు. ఎప్పుడూ లేదు. అడగకుండా ఆవిడ ఇంట్లో బల్బులు పెట్టించింది నేను. ఆవిడ వెయ్యని వేలిముద్ర వేసిందని సంతకం పెట్టింది నేను. ఆవిడ వద్దని పెట్టె తెచ్చి ఇచ్చినా వినలేదు. తప్పు నాది” అన్నాను.

ఉత్తరం నకలు తీసి ఎరకయ్య చేతిలో పెట్టాను. తర్వాత ఒకామె లేచింది.

“అయితే బాబూ, మా ఏలిముద్రలు కూడా ఎవలేసినారేటి?”

“మీవి కూడా మేమే వేశాం.”

ఇక చూడండి గోల. ఇన్నాళ్లూ కట్టామే అని కొందరు, మా బల్బు మూణ్ణెల్లకే పోయిందని కొందరు. ఒక ముసలాయన మాత్రం, “లైటు బాగున్నాది బాబూ, మళ్లీ ఎనక్కి అట్టుకుపోకండి” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెమటలు తుడుచుకుంటూ. ముందే వచ్చి అడిగుంటే ఈ ఊరిలో ముప్పావు మంది సంతోషంగా తీసుకునేవాళ్లు.

ఎరకయ్య నవ్వలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని కేకేశాడు.

“నూకమ్మా! రాయే. పాటకాడికి రా.”

ఆవిడ చేతులు దులుపుకుని వచ్చింది. దారి ఇచ్చారు. నెత్తళ్ల కుప్పకి పాట మొదలైంది. నలుగురు పాడారు. కొంచెం పైకి పాడి నూకమ్మ ఆగింది. ఆ పైన ఎవరూ పాడలేదు. కావాలనే ఊరుకున్నారని నాకు కూడా తెలిసింది.

“సెయ్యెయ్యి” అన్నాడు ఎరకయ్య. “డబ్బు రేపిద్దువుగాని.”

ఆవిడ చెయ్యి వెయ్యలేదు. నడుముకి దోపుకున్న చిన్న సంచి తీసి నోట్లు లెక్కపెట్టింది. కూలి డబ్బులు కాబోలు, అన్నీ నలిగిపోయి ఉన్నాయి.

“ఇందులో సగం నాకియ్యి. దీనికంతే వొస్తాది.”

“మొత్తం అట్టుకెళ్లవే. నువ్వంటే మాకు నమ్మకం నేదేటి?”

ఆవిడ డబ్బు అతని చేతిలో పెట్టి, సగం కుప్ప తట్టలోకి ఎత్తుకుంది.

నాకు ఊరుకోవడం చేతకాలేదు. రోడ్డు దాకా ఆవిడ పక్కనే నడిచాను. “నా మీద కోపం పోలేదా అమ్మా?” అని అడిగాను.

“నీ మీద కోపమేటి బాబూ. నువ్వొచ్చి పదిమందిలో సెప్పినావు. అలాగెవలు సెప్తారు?” అంది. నాలుగడుగులు వేశాక మళ్లీ అంది. “ముప్పయ్యేళ్లు ఈలకాడ మాట మీద సరుకు తెచ్చుకున్నాను బాబూ. ఒక్కపాలి తప్పనేదు. తలుపు మీద కాయితం అంటిస్తే, ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ‘నూకమ్మా, ఇదేటి, నిజమేనా’ అని నన్ను అడగనేదు. మీరంటే ఎక్కడోలో. ఈలు నాతో పుట్టి పెరిగినోలు. ఇంక ఆల నమ్మకం నాకెందుకు?”

ఆటో వచ్చింది. తవుడు తట్ట ఎత్తి పెట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుని, “ఎల్లొస్తాను బాబూ” అంది మామూలుగానే.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ సెక్షనులోనే ఉన్నాను. ఎరకయ్య చాలాసార్లు బతిమాలాడని తవుడు చెప్పేవాడు. ఆవిడ ఒక్కసారి కూడా అరువు మీద చెయ్యి వెయ్యలేదు. చేతిలో ఎంత ఉంటే అంతకే కొనేది. నేను రిటైరైన రోజున కూడా రోడ్డు మీద కనబడింది. తట్ట సగానికే ఉంది.